మద్దెలదా తప్పు, ఆటదా?

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను మన పెద్దలు చేతకానివాడి నెత్తిన మొట్టడానికి తయారు చేశారు. లెక్క తప్పిన కుర్రవాడు కలం పారడం లేదన్నా, పచ్చడి కచ్చాపచ్చాగా నూరిన కొత్తకోడలు రోలు అరిగిపోయిందన్నా ఇంట్లో ముందుగా వినవచ్చే మాట అదే. అయితే ఈ వ్యవహారంలో తీర్పు ఏకపక్షంగా జరిగిపోయిందని నాకొక అనుమానం. ఆడేదాన్ని అందరూ చూశారు గాని మద్దెలను ఎవరూ వాయించి చూచినట్టు లేదు. ఆ మద్దెల నిజంగానే ఓటిదై వుంటే?

అలా మద్దెలను వాయించి చూచిన ఘనుడు ఒకడున్నాడు. అతని పేరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి, పసితనంలోనే తలిదండ్రులతో అమెరికా చేరాడు. తండ్రి జోళ్ళు కుట్టేవాడు. చదువుకు డబ్బు చాలక, ఆర్థిక మాంద్యపు రోజుల్లో తానూ కొన్నాళ్ళు జోళ్ళు బాగుచేసి పొట్టపోసుకున్నాడు. తరువాత ఇంజనీరై జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనికి కుదిరాడు. తోటి ఉద్యోగులు రమ్మంటే 42వ యేట మొదటిసారి గోల్ఫు కర్ర చేతపట్టాడు. అన్నీ బాగానే వున్నాయి గాని, తీరా బంతి గుంట దగ్గరకు చేరాక, దాన్ని గుంటలోకి నెట్టే చిన్న దెబ్బ మాత్రం కుదరలేదు. మరొకడైతే తనను తానే తిట్టుకునేవాడు. సోల్‌హైమ్ కర్రను అనుమానించాడు. బరువంతా నడుమన పోగుపడి వుండడం వల్ల, బంతి ఏమాత్రం పక్కకు తగిలినా కర్రమొన చేతిలో గిర్రున తిరిగిపోతున్నదని కనిపెట్టాడు. ఆ బరువును తీసి రెండు కొసలకూ సర్దాడు.

మన పల్లెల్లో కావడి మోసేవాణ్ణి చూచే వుంటారు. రెండు కొసలా బరువున్న కావడిబద్ద చటుక్కున పక్కకు తిరగదు. సోల్‌హైమ్ చేసిందీ అదే. 1959లో కాలిఫోర్నియాలో తన ఇంటి కారుషెడ్డులో ఆ కొత్త కర్రను తయారుచేశాడు. బంతికి తగిలినప్పుడు అది "పింగ్" మని మోగేది కనుక ఆ పేరే పెట్టాడు. 1966లో ఇంకా మంచిది చేసి, దానికి జవాబు అనే అర్థంలో "ఆన్సర్" అని పేరు పెడదామనుకున్నాడు. కర్ర మీద అన్ని ఇంగ్లీషు అక్షరాలు పట్టలేదు. పలుకు చెడకుండా నడుమనున్న ఒక అక్షరం తీసేయమని ఇల్లాలు సలహా చెప్పింది. నేటికీ ఆ పేరు అలాగే వుంది. ఆ నమూనాను అనుకరించని కంపెనీ లేదంటే అతిశయోక్తి కాదు.

జోడు పాదానికి సరిపోవాలి గాని పాదం జోడుకు సర్దుకోకూడదని, జోళ్ళు కుట్టిన ఇంట పుట్టినవాడికి వేరే చెప్పాలా? గోల్ఫు పరికరాలు కొనదలచినవారు గుర్తుపెట్టుకోవలసిన మొదటి మాటా, చివరి మాటా ఇదే.

మనకెందుకీ గొడవ?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి గోల్ఫు సంగతులెందుకని మీరు అడగవచ్చు. ఈ ఆట మన దేశానికి కొత్తదేమీ కాదు. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లో వెలసింది. బ్రిటిష్ దీవులకు వెలుపల అంత పాత గోల్ఫు క్లబ్బు మరొకటి లేదు. మన విశాఖపట్నంలో సముద్రపు గాలి సోకే ఈస్ట్ పాయింట్ మైదానం 1884 నాటిది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా బురుజుల నీడన ఆడుతున్నారు. ఒకప్పుడు దొరలదీ, ఆ తరువాత పెద్ద పెద్ద ఆఫీసర్లదీ అయిన ఆట ఇప్పుడు పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగుల దాకా, కంప్యూటరు కంపెనీల్లో పనిచేసే కుర్రకారు దాకా దిగివచ్చింది.

2021 ఆగస్టు 7వ తేదీ శనివారం మీకు గుర్తుండే వుంటుంది. టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ పతకానికి ఒక్క దెబ్బ దూరంలో నిలిచిపోయి నాలుగో స్థానం పొందింది. ఆ ఉదయం బర్డీ అంటే ఏమిటో, బోగీ అంటే ఏమిటో తెలియని ఇళ్ళల్లో కూడా కాఫీలు చల్లారిపోయాయి. అప్పటి నుంచి "మా పిల్లకూ నేర్పిద్దామా?" అనే తల్లులూ, "ఈ వయసులో నాకొస్తుందంటావా?" అనే తండ్రులూ తరచు కనిపిస్తున్నారు. చిక్కల్లా దుకాణంలోకి అడుగు పెట్టినప్పుడే వస్తుంది. పేరుపడ్డ కంపెనీ కొత్త కర్ర ఒక్కటి కొనాలంటే ఒక చిరుద్యోగి నెల జీతం చాలదు. పూర్తి సెట్టు లక్ష దాటుతుంది. అంత డబ్బు పోసి తెచ్చినది మన చేతికి సరిపడకపోతే, పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆట మీద ఆశ కూడా పోతుంది.

పధ్నాలుగు కర్రలు

గోల్ఫు కర్రను ఇంగ్లీషులో క్లబ్బు అంటారు. మన ఊళ్ళల్లో క్లబ్బంటే పేకాట గుర్తుకొస్తుంది గనుక నేను కర్ర అనే రాస్తాను. చతుర్దశ భువనాల మాదిరిగా ఒక ఆటగాడు పధ్నాలుగు కర్రలు మించి సంచిలో పెట్టుకోరాదని నియమం. ఈ కట్టడి లేని రోజుల్లో ఇరవై దాటి మోయించినవాళ్ళున్నారు. 1938లో అమెరికావారూ, 1939లో బ్రిటన్‌వారూ ఆ హద్దు గీశారు.

ఇన్ని కర్రలెందుకంటే, ఒక్కొక్కదాని మొన ఒక్కొక్క వాలులో వుంటుంది. ఈ వాలును లాఫ్ట్ అంటారు. వాలు తక్కువైతే బంతి దిగువగా, దూరంగా పోతుంది. ఎక్కువైతే ఎత్తుకు లేచి దగ్గరలో పడుతుంది. అన్నింటికన్న పొడవైనదీ, దూరం కొట్టేదీ డ్రైవరు. పూర్వం తలలు చెక్కతో చేసేవారు గనుక డ్రైవరు తరువాతి పెద్ద తల కర్రలను, లోహంతో చేస్తున్న ఈ రోజుల్లో కూడా, వుడ్డులనే అంటున్నారు. ఆ వెనుక ఇనుప మొనల ఐరన్లు. గ్రీను దగ్గరా, ఇసుక గుంటల్లోనూ పనికివచ్చేవి వెడ్జిలు. చివరగా, నున్నని గ్రీను మీద బంతిని గుంటలోకి నెట్టేది పట్టర్. వుడ్డుకూ ఐరనుకూ పుట్టిన సంకరజాతి బిడ్డ హైబ్రిడ్.

పధ్నాలుగు పెట్టుకోవచ్చునని నియమం చెప్పింది గాని, పెట్టుకొని తీరాలని చెప్పలేదు. సంగీతానికి సప్తస్వరాలు చాలినట్టు కొత్తగా నేర్చేవాడికి ఏడు కర్రలు చాలు: మూడో నంబరు వుడ్డు, ఒక హైబ్రిడ్, ఆరు, ఎనిమిది నంబర్ల ఐరన్లు, పిచింగ్ వెడ్జి, శాండ్ వెడ్జి, పట్టర్. ఏడాది ఆడిన తరువాత ఏ దూరానికి చేతిలో కర్ర లేదో మీకే తెలిసివస్తుంది. అప్పుడు దాన్ని కొనుక్కోండి. ముందే పధ్నాలుగూ కొన్నవాడి సంచిలో ఆరేడు కర్రలు పెళ్ళినాటి వెండిగిన్నెల్లాగా తళతళలాడుతూ వుండిపోతాయి.

బాబుగారూ, ఇది మీ కర్ర కాదండి

మా దూరపు బంధువొకాయన వున్నారు. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందారు. చక్కెర జబ్బుకు నడక మంచిదని డాక్టరు చెబితే, ఒంటరి నడక విసుగని స్నేహితుల వెంట గోల్ఫులో చేరారు. పద్ధెనిమిది గుంటలూ తిరిగితే సుమారు ఎనిమిది కిలోమీటర్ల నడక అవుతుంది. నాన్నగారు గోల్ఫు ఆడుతున్నారని విని అమెరికాలో వున్న కొడుకు పొంగిపోయాడు. పోటీల్లో గెలిచేవాళ్ళు వాడే రకం కర్రల సెట్టు కొని, తెలిసినవారి చేత పంపించాడు. తొమ్మిది డిగ్రీల వాలున్న డ్రైవరు, గట్టి షాఫ్టులు, కత్తి అలుగుల్లాంటి సన్నని ఐరన్లు. చూచినవాళ్ళు ముచ్చటపడ్డారు.

ఆయన ఆట మాత్రం నానాటికీ దిగజారింది. బంతి లేవదు, లేచినా కుడిపక్క పొదల్లోకి పోతుంది. మోచేయి నొప్పి మొదలయింది. తప్పు తన వయసుదేనని నిశ్చయించుకున్నారు. కొడుకు నొచ్చుకుంటాడని ఆరు నెలలు నోరు విప్పలేదు. ఇక మానేస్తానని, ఇంట్లో పడక కుర్చీ దులుపుకునే దశకు వచ్చారు.

చివరకు సంచి మోసే ముసలి కాడీ ఒకనాడు ఉండబట్టలేక, "బాబుగారూ, ఇది మీ కర్ర కాదండి" అన్నాడట. మరొకరి దగ్గర నుంచి పన్నెండు డిగ్రీల వాలుతో, మెత్తని షాఫ్టున్న డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. నాలుగో దెబ్బకు బంతి తిన్నగా గాలిలోకి లేచింది. దూరం ఇరవై గజాలు పెరిగిందని ఆయనా, పదేనని కాడీ ఇప్పటికీ వాదించుకుంటారు. అసలు విశేషం అది కాదు. మరునాడు ఆయన మళ్ళీ మైదానానికి వెళ్ళారు. ఆ రాత్రే కొడుకుతో ఫోనులో సంగతి చెప్పేశారు. కొడుకు నొచ్చుకోలేదు సరికదా, ఆ సెట్టు తనకు ఉంచమన్నాడు.

విదేశాల్లో వున్న బిడ్డలకు ఇందులో ఒక మనవి. అమ్మానాన్నలకు కర్రలు పంపకండి. కొలతలు తీయించుకోవడానికి అయ్యే ఖర్చు పంపండి.

ముందు మిమ్మల్ని కొలుచుకోండి

చిన్నతనంలో బిళ్ళంగోడు ఆడినవాళ్ళకు ఈ విద్య వేరే నేర్పనక్కరలేదు. గోడు కోసం చెట్టుకొమ్మ నరికేటప్పుడు ఒక్కొక్కడూ నాలుగు కొమ్మలు వంచి, ఊపి, తన చేతికి వాటమైనదే చెక్కుకునేవాడు. పక్కింటి పెద్దవాడి గోడు ఎంత నునుపుగా వున్నా తనకు పనికిరాదని ఆ పసివాడికి తెలుసు. పెద్దయ్యాకనే ఆ సంగతి మరచిపోతాము.

దర్జీ కొలతలు తీసినట్టు గోల్ఫు కర్రకూ కొలతలున్నాయి. మొదటిది పొడవు. ఎత్తు ఒక్కటీ చూస్తే చాలదు. జోళ్ళు తొడుక్కొని, నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి మణికట్టు మడత నుంచి నేల దాకా కొలవాలి. ఆరడుగుల మనిషే అయినా ఆజానుబాహువైతే అతని చేతులు నేలకు దగ్గరగా వుంటాయి. వానికి పొడుగు కర్ర అక్కరలేదు. పొట్టి చేతులవాడికి ఎత్తు తక్కువైనా కొంచెం పొడుగు కావలసిరావచ్చు.

రెండవది నేల మీద కర్ర ఆనే తీరు. దీన్ని లై అంటారు. బంతిని కొట్టేటప్పుడు మొన అడుగు నేలకు సమంగా ఆనాలి. కుడిచేతివాటం వారికి మడమవైపు నేలకు తగిలి కొస పైకి లేస్తే బంతి ఎడమకు పోతుంది. కొస దిగబడితే కుడికి పోతుంది. కర్ర అడుగున కాగితపు పట్టీ అంటించి, పలక మీద నుంచి కొట్టి చూస్తే గీతపడిన చోటు నిజం చెప్పేస్తుంది. ఎన్నాళ్ళుగానో బంతి ఒకే పక్కకు పోతూంటే, మీ చేతిని తిట్టుకొనే ముందు ఆ పట్టీని అడగండి.

మూడవది షాఫ్టు, అంటే కర్ర కాడ. ఇది కొట్టు వేగాన్ని బట్టి వుండాలి. డ్రైవరు ఊపు గంటకు 85 నుంచి 95 మైళ్ళ మధ్య వుంటే రెగ్యులర్ అనే రకం సరిపోతుంది. అంతకు తక్కువైతే సీనియర్ అనే మెత్తని రకం, 75కూ దిగువైతే లేడీస్ అనే ఇంకా మెత్తనిది, 95 దాటితే స్టిఫ్ అనే గట్టిది. ఈ అంకెలు స్థూలమైనవే; ఒక కంపెనీ రెగ్యులర్ మరొక కంపెనీ రెగ్యులర్‌తో సరిపోలదు. పేర్లు చూచి సిగ్గుపడకండి. లేడీస్ అన్న ముద్ర వున్నంత మాత్రాన అది చీర కట్టుకోదు. నిదానంగా కొట్టేవాడి చేతిలో గట్టి షాఫ్టు బంతిని కిందుగా, కుడికి పంపుతుంది, చేతులు జివ్వుమంటాయి. వేగంగా కొట్టేవాడి చేతిలో మరీ మెత్తనిది దెబ్బకొక దిక్కుగా పోతుంది.

ఈ కాడ చరిత్ర కూడా తెలుసుకోదగినదే. మొదట్లో హికరీ అనే చెట్టు కలపతో చేసేవారు. ఉక్కు కాడలను 1924లో అమెరికాలోనూ, 1929లో బ్రిటన్‌లోనూ ఒప్పుకున్నారు. 1970 తరువాత గ్రాఫైట్ వచ్చింది. గ్రాఫైట్ తేలిక, ఉక్కు బరువు. కీళ్ళనొప్పులున్నవారికీ, నిదానంగా కొట్టేవారికీ ఐరన్లలో కూడా గ్రాఫైట్ హాయి. వయసులో వున్నవారికి ఉక్కు చవుక, నిలకడ.

హికరీ రోజుల్లో మహా ఆటగాడు బాబీ జోన్స్. డబ్బుకు ఆడకుండా, వృత్తికి లాయరై వుండి, 1930లో ఒకే ఏడాది నాలుగు మహా పోటీలూ గెలిచాడు. ఆయన కర్రలను గురించి ఒక కథ చెప్పుకుంటారు. చేతిస్పర్శతోనే ఒక్కొక్కటి ఏరుకున్న ఆ కర్రలను చాలా ఏళ్ళకు యంత్రం మీద పరీక్షిస్తే, ఒక్కటి తప్ప అన్నీ ఒకే తీరున వున్నాయట. ఆ ఒక్కదానితోనే ఆయన ఎప్పుడూ ఇబ్బంది పడేవాడట! యంత్రం లేనినాడు చెయ్యే యంత్రం.

నాలుగవది పిడి. చేతివేళ్ళు చుట్టూ మూసినప్పుడు మధ్య వేళ్ళ కొసలు బొటనవేలి మొదటి కండను తాకీ తాకనట్టుండాలి. గుచ్చుకుంటే పిడి సన్నం, ఎడం వుంటే లావు. వేళ్ళ కీళ్ళు పట్టేసిన పెద్దవారికి కొంచెం లావు పిడి సుఖం. మన ఎండకూ చెమటకూ రబ్బరు గట్టిపడి జారుతుంది. అప్పుడప్పుడు సబ్బునీళ్ళతో కడిగి, ఏడాదికొకసారి మార్పించండి. కొత్త కర్ర కొన్నంత ఉత్సాహం కొద్ది ఖర్చులో వస్తుంది.

డాబు కర్రలు, దయగల కర్రలు

ఐరన్లలో రెండు జాతులున్నాయి. బ్లేడు అనే సన్నని రకం చూపుకు అందంగా వుంటుంది. నడుమన తగిలితే అద్భుతం, పక్కకు తగిలితే అవమానం. రెండోది వెనుకవైపు గుంటగా తొలిచి బరువును అంచులకు సర్దిన రకం. సోల్‌హైమ్ కావడి సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. బంతి కొంచెం అటూ ఇటూ తగిలినా ఇది క్షమిస్తుంది. వారానికి ఒకటి రెండు రోజులు ఆడే గృహస్థులకు క్షమాగుణం గల కర్రే కావాలి. డ్రైవరుకూ పదిన్నర నుంచి పన్నెండు డిగ్రీల వాలు సామాన్యంగా మేలు. ఇంకా నిదానస్థులకు మరి కొంచెం ఎక్కువ.

మూడు, నాలుగు నంబర్ల ఐరన్లతో కుస్తీపట్టడం మగతనానికి గుర్తని అనుకునేవారున్నారు. అదితి అశోక్‌ను చూడండి. టోక్యోలో ఆమె దూరంగా కొట్టగలిగినవారిలో లెక్కకు రాదు. కొట్టే దూరంలో అందరికన్న వెనుకబడ్డవారి సరసన వుంది. తోటివారు చిన్న ఐరన్లతో గ్రీనుకు చేరవేసిన చోట, ఆమె హైబ్రిడ్లూ, వుడ్డులూ తీసింది. ఆ తరువాత పట్టర్ చేతబట్టి అందరినీ చెమటలు పట్టించింది. తన బలమెంతో, ఏది తనది కాదో తెలిసినవారి సంచి అలా వుంటుంది.

ఆ పట్టర్ సంగతే మనవాళ్ళు ఆఖరున ఆలోచిస్తారు. లెక్క వేసి చూడండి. మామూలు మైదానంలో 72 దెబ్బలకు ఆట పూర్తి కావాలని అంచనా. అందులో గుంటకు రెండు చొప్పున 36 దెబ్బలు పట్టర్‌వే. సగం కాపురం దానితోనే! డ్రైవరు ఏ పధ్నాలుగు సార్లో బయటికి వస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో మీరే తేల్చుకోండి. పట్టర్ పట్టుకొని వంగినప్పుడు మీ కళ్ళు బంతికి సరిగా పైన వుండేటంత పొడవు చాలు.

పేదరికం ఆటకు అడ్డురాదనడానికీ సాక్షి వున్నాడు. రాయల్ కలకత్తా మైదానంలో గడ్డి చూచుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016లోనూ, 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలుచుకున్నాడు. దూరం కొట్టడంలో కాదు, గ్రీను చుట్టూ చేసే చిన్న పనిలో దిట్ట కావడం చేత తోటివారు అతనికి "చిప్-పట్-సియా" అని ముద్దుపేరు పెట్టారు.

ఇసుకలో వాడే వెడ్జిని 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన జీన్ సారజెన్ ప్రచారంలోకి తెచ్చాడు. దీని అడుగు ఉబ్బుగా వుంటుంది. ఇసుక మెత్తగా వుంటే, వానకు నేల నానివుంటే ఆ ఉబ్బు ఎక్కువ కావాలి. వేసవిలో మన నేల రాయిలా గట్టిపడినప్పుడు ఉబ్బు ఎక్కువైతే కర్ర ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. మీరు ఆడే నేలను బట్టి కొనండి. బొమ్మల పుస్తకంలో నేలను బట్టి కాదు.

బంతి కథ

తొలినాళ్ళలో తోలుసంచిలో ఉడికించిన ఈకలు కూరి బంతి చేసేవారు. ఒక మనిషి రోజంతా కూర్చుంటే మూడు నాలుగు తయారయ్యేవి; ధర ఆకాశంలో వుండేది. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాల బంతి వచ్చి ఆటను చవుక చేసింది. కొత్తది నున్నగా వుండి సరిగా ఎగిరేది కాదు. దెబ్బలు తిని గాట్లుపడ్డాక బాగా ఎగిరేది! అనుభవం మనుషులకే కాదు, బంతికీ అక్కరకు వస్తుంది. 1898లో కోబర్న్ హాస్కెల్ రబ్బరుదారం చుట్టిన బంతి కనిపెట్టాడు. 1905లో విలియం టేలర్ ఈనాటి గుంటల పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ గుంటలు బంతిని అంటుకున్న గాలిపొరను కలచివేసి, వెనుక పట్టి లాగే సుడిని తగ్గిస్తాయి. నున్నని బంతి ఇంచుమించు సగం దూరమే పోతుంది.

బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు మించకూడదు. ఈ హద్దుల్లో రెండు కులాలున్నాయి. గట్టి పొట్టుతో రెండే పొరలున్న బంతి చవుక, మన్నిక. దూరం పోతుంది, పడ్డాక దొర్లుతుంది. మెత్తని యూరథేన్ పొట్టుతో మూడు నాలుగు పొరలున్నది ఖరీదు. గ్రీను మీద పడి చెప్పినట్టు ఆగుతుంది. ఒక ఆటలో మూడు నాలుగు బంతులు చెరువుకు సమర్పించుకునేవారు ఖరీదైనవి కొనడం తుంగభద్ర పుష్కరాల్లో చిల్లర వేసినట్టే. పుణ్యమైనా రాదు. బంతి పోగొట్టడం తగ్గి, గ్రీను మీద ఆపవలసిన అవసరం తెలిసినప్పుడు రెండో రకానికి మారండి. ఏది కొన్నా ఆ రకాన్నే వాడుతూ వుండండి. రోజుకొక బంతి మారిస్తే పట్టర్ చేతికి ఎప్పటికీ లెక్క తెలియదు. చెరువులో నుంచి తీసి అమ్మే బంతులు సాధనకు సరే గాని, నీళ్ళల్లో నెలల తరబడి నానినది దూరం తగ్గుతుంది.

మిగతా సరంజామా

కుడిచేతివాటం వారు ఎడమచేతికి తొడుగు వేసుకుంటారు. అది రెండో చర్మంలా బిగువుగా వుండాలి; చెమట రోజుల్లో రెండు పెట్టుకొని మార్చుకోండి. జోళ్ళు కాలు జారకుండా పట్టు ఇవ్వాలి. ఎనిమిది కిలోమీటర్లు నడవాలి గనుక అందం తరువాతి మాట. సంచి తేలికగా వుండాలి. మోసేది మీరు కాకపోయినా, మోసే మనిషికీ భుజం వుంది. గొడుగు, టోపీ, మంచినీళ్ళు, గ్రీను మీద బంతి స్థానం గుర్తుకు ఒక రూపాయి నాణెం మరవకండి. వేసవిలో కర్రలను కారు డిక్కీలో వదిలేస్తే లోపలి జిగురు మెత్తబడి తలలు వదులవుతాయి. సముద్రపు ఊళ్ళవారు ఆట కాగానే తుడిచిపెట్టుకోకపోతే తుప్పు పడుతుంది.

పిల్లలకు నాన్నగారి కర్రలు కోసి ఇవ్వకండి. కోసిన కర్ర పొట్టిదవుతుంది గాని తేలిక కాదు, పైగా కాడ ఇంకా గట్టిపడుతుంది. పిల్లల కర్రలు వేరే వున్నాయి. రెండేళ్ళకు పొట్టివవుతాయి గనుక అక్క తరువాత తమ్ముడికి, ఆ తరువాత మరొక ఇంటికి పుస్తకాల్లాగే పోవాలి. పెద్దలకు కూడా నాలుగైదేళ్ళ నాటి వాడిన కర్రలు సగం ధరకు దొరికితే తప్పు లేదు. మొన పగుళ్ళు, కాడ వంపు చూచుకొని, కొలతకు సరిచేయించుకుంటే సరి. కొనేముందు మాత్రం కనీసం ఇరవై బంతులు కొట్టి చూడండి. అన్నింటికన్న బాగా పోయిన బంతిని కాదు, అన్నింటికన్న పాడుగా పోయిన బంతులను లెక్కపెట్టండి. మీ పాడు దెబ్బను ఏ కర్ర తక్కువ పాడు చేస్తుందో అదే మీ కర్ర.

ఇన్ని చెప్పాక ఒక్క హెచ్చరిక. సరిపోయిన కర్ర మీ ఊపులోని తప్పును దిద్దదు. అది వేరొక తప్పును కలపకుండా ఆపుతుంది, అంతే. ఆ తరువాత మైదానానికి పోవడం, గురువు దగ్గర నేర్చుకోవడం, తెల్లవారుజామున మంచులో వందసార్లు ఊపడం మీ వంతు. కొలిచి తెచ్చుకున్న కర్రలు చేతిలో వున్నవాడికి మిగిలే లాభం ఒకటే: బంతి పొదలో పడ్డప్పుడు, తప్పు తనదేనని నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. అలా ఒప్పుకోగలిగిన రోజునే ఆట బాగుపడడం మొదలవుతుంది. మద్దెల శ్రుతి అయింది, ఇక ఆడండి.